అంత వేడిలో స్వెటరు

మా వదిన నోటికి మూత ఉండేది కాదు. నిద్రలో కూడా ఎవరితోనో బేరమాడుతూనే ఉంటుందని అన్నయ్య నవ్వేవాడు. అన్నయ్య లిఫ్టులు రిపేరు చేస్తాడు. రోజంతా చీకటి గోతుల్లో ఇనుప తాళ్ల మధ్య ఒంటరిగా పనిచేసి వచ్చే మనిషికి ఇంట్లో ఎవరో ఒకరు గలగలమంటూ ఉంటే హాయిగా ఉండేది. నాకూ అంతే. నేను కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాను. పెళ్లి చేసుకోలేదు, వాళ్లింట్లోనే ఉంటాను. నన్ను వదిన ‘బుల్లీ’ అని పిలుస్తుంది, నేను ఆమె కంటే జానెడు పొడుగైనా సరే.

వదిన లాండ్రీలో పనిచేసేది. ఇస్త్రీ బండి పెట్టుకునే చిన్న లాండ్రీ కాదు, పెద్ద షెడ్డు. పెద్దాసుపత్రి దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు బస్తాలకి బస్తాలు అక్కడికే వస్తాయి. ఒక పక్క ఉతికే మెషిన్లు, ఇంకో పక్క వేడి రోలర్లు, వెనక మూల పెద్ద పెద్ద డ్రయ్యర్లు. రోలర్లోంచి వచ్చిన దుప్పటిని ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని సాగదీసి, ఎదురెదురుగా నడిచొచ్చి మడత పెట్టాలి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకి. దూరం నుంచి చూస్తే ఇద్దరూ కలిసి డాన్సు చేస్తున్నట్టే ఉంటుంది.

వదినకి జోడీ ఒకావిడ ఉండేది. గొంతు పెద్దది కాబట్టి ఆవిణ్ణి అందరూ మైకు అనేవాళ్లు. వదినని రేడియో అనేవాళ్లు. ఈ ఇద్దరూ ఒక దుప్పటికి చెరో కొసా పట్టుకుంటే ఇక మెషిన్ల మోత ఎవరికీ వినపడదని అక్కడ జోకు. మైకు మా ఇంటికి వస్తే కుర్చీలో కూర్చునేది కాదు, తిన్నగా వంటింట్లోకి వెళ్లి గిన్నెల మూతలు తీసి చూసేది. అంత చనువు.

ఆ ఎండాకాలంలో లాండ్రీలో ఆవిరి బయటికి లాగే పెద్ద ఫ్యాను పాడైంది. షెడ్డు కుక్కర్లా తయారైంది. ఒకమ్మాయి రోలరు దగ్గరే కళ్లు తిరిగి పడింది. మేనేజరు ‘చూస్తాం, చేస్తాం’ అంటూ జరుపుతూ వచ్చాడు. చివరికి మైకు అందరినీ పోగేసి, ఫ్యాను బాగయ్యేదాకా ఒక్కరు కూడా లోపల అడుగుపెట్టకూడదని అంది. అందరూ చేతులు కలిపారు. వదిన కూడా కలిపింది. ఇంటికొచ్చి ఆ సంగతే గంటసేపు చెప్పింది.

మర్నాడే ఆసుపత్రిలో వాళ్లమ్మకి ఆపరేషను. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ముసలావిడ నొప్పితో మెలికలు తిరుగుతోంది. పొద్దున వదిన వెళ్లేసరికి నర్సు చెప్పింది, ఉతికిన దుప్పట్లు రాలేదు, ఇవాళ కూడా ఆపేసేలా ఉన్నారని. వదిన ఎవరికీ చెప్పకుండా లాండ్రీ వెనక గేటులోంచి లోపలికి వెళ్లింది. ఒక్కతే రోలరు వేసి ఆసుపత్రి బస్తా వరకూ పూర్తిచేసింది.

ముందు గేటు దగ్గర మైకు, మిగతావాళ్లూ నిలబడి ఉన్నారు. మేనేజరు షట్టరు పైకెత్తించాడు. “చూడండి, లోపల పని నడుస్తూనే ఉంది. మీ ఇష్టం” అన్నాడు. ఆవిర్లో వదిన కనపడింది. కాసేపు ఎవరూ కదల్లేదట. తర్వాత ఒకళ్ల వెనక ఒకళ్లు తలదించుకుని లోపలికి వెళ్లారు. మైకుని పనిలోంచి తీసేశారు.

వాళ్లమ్మ ఆపరేషను బాగా జరిగింది. ఆవిడ కోలుకుని వాళ్లబ్బాయి దగ్గరికి వెళ్లిపోయింది. ఫ్యాను కూడా కొన్నాళ్లకి ఎలాగూ బాగుచేశారు. మా వదిన బతుకే బాగుపడలేదు.

ఎవరూ తిట్టలేదు. పోట్లాడలేదు. మాట్లాడటం మానేశారు, అంతే. వదిన వెళ్లి “టీ అయిందా?” అని అడిగితే, ఆ మాట మధ్యలోంచి నడిచి వెళ్లిపోయినట్టు వెళ్లిపోయేవాళ్లు. బల్ల మీద కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. మొహం తిప్పుకోవడం కూడా కాదు. ఆమె వెనక ఉన్న గోడని చూసేవాళ్లు. మడత జోడీగా వేసిన అమ్మాయి దుప్పటి రెండో కొసని చూస్తుంది తప్ప దాన్ని పట్టుకున్న మనిషిని చూడదు. కొన్నాళ్లకి ఆ అమ్మాయి కూడా పక్క జోడీకి మారింది. వదినకి దిండు గలీబులు ఇచ్చారు. వాటికి రెండో మనిషి అక్కర్లేదు.

“మానెయ్. ఇంకెక్కడైనా చూసుకుందాం” అన్నాడు అన్నయ్య.

“మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టేగా? ఎన్నాళ్లుంటారు అలా? వాళ్లే మాట్లాడతారు.”

మాట్లాడలేదు. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి. ఇంటికొచ్చాక వదిన మామూలుకంటే ఎక్కువ మాట్లాడేది మొదట్లో. తర్వాత తగ్గింది. ఒకరోజు నేను చేతులు కడుక్కుంటుంటే వెనక వచ్చి నిలబడి, “బుల్లీ, నా గొంతు వినపడుతోందా?” అంది.

“అదేంటి వదినా, వినపడకపోవడమేంటి?”

“ఏం లేదు. ఇందాక బస్సులో దిగాలి దిగాలి అని అరిచాను. డ్రైవరు ఆపలేదు. నేను అరిచానో లేదో నాకే అనుమానం వచ్చింది.”

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. గొంతు మీద వేళ్లు పెట్టుకుని, “ఆ... ఆ...” అని చూసుకుంది. అద్దంలో నోరు తెరిచి లోపలికి చూసుకుంది. ఆ తర్వాత తరచూ అద్దం ముందు కనపడేది. జుట్టు దువ్వుకోవడానికి కాదు. ఊరికే నిలబడి, ఉన్నానా అని చూసుకున్నట్టు.

వానలు తగ్గేవేళకి మనిషి కాస్త తేరుకుంది. అన్నం సయించింది. ఒక సాయంత్రం కూనిరాగం తీస్తూ ఇంట్లోకి వచ్చింది. మాకు ప్రాణం లేచొచ్చింది.

“ఎవరైనా మాట్లాడారా?” అన్నాను ఆశగా.

“ఆ, ఒకావిడ. డ్రయ్యర్ల మూలన కూర్చుంటుంది. పెద్దావిడ. ఇన్నాళ్లూ నేనే చూసుకోలేదు. మిగతావాళ్లలాగా కాదు, ఎంత మంచిదో.”

ఇక రోజూ ఆవిడ కబుర్లే. ఆవిడకి మోకాలి నొప్పి. ఆవిడ గదికి ఒకటే కిటికీ, పొద్దున కాసేపే ఎండ పడుతుంది. ఆ ఎండ కోసం ఎవరిదో గోధుమరంగు పిల్లి వచ్చి కూర్చుంటుంది. పాలు పోస్తే తాగదు, చూస్తూ ఉంటుంది. ఆవిడకి పంచదార లేని టీ ఇష్టం. ఆవిడ ముక్కు పక్కన పులిపిరి ఉంది, మాట్లాడేటప్పుడు దాన్ని గోక్కుంటుంది. ఎప్పుడూ నీలం స్వెటరు వేసుకుంటుంది.

“డ్రయ్యర్ల దగ్గర స్వెటరా?” అన్నాను. ఆ మూలకి పోతే మొహం కమిలిపోతుందని వదినే ఎన్నోసార్లు చెప్పింది.

“నేనూ అడిగాను. నాకు ఎప్పుడూ చలేనమ్మా అంది. చెయ్యి పట్టుకుని చూస్తే నిజంగానే మంచుగడ్డ.”

“ఆవిడ పేరేంటి?”

వదిన ఆలోచించింది. “అడగలేదే” అంది. ఆ తర్వాత నేను ఎప్పుడు అడిగినా అదే జవాబు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. అన్నయ్య పని మీద వెళ్లాడు. నేను పడుకుని లేచి, వదిన గది తలుపు తోశాను. వదిన దుప్పటి మడత పెడుతోంది. రెండు కొసలు పట్టుకుని, చేతులు బారచాచి, నడుం వెనక్కి వంచి లాగుతోంది. అవతలి వైపు ఎవరో అంతే బలంగా పట్టుకుంటే తప్ప అలా వెనక్కి వంగితే పడిపోవాలి. నన్ను చూసి ఉలిక్కిపడింది. దుప్పటి నేల మీదికి జారిపోయింది. జారకముందు అది గాలిలో బిగుసుకుని ఉందని నేను ఒట్టేసి చెప్పలేను. లేదని కూడా చెప్పలేను. వదిన మాత్రం తూలలేదు.

“తలుపు కొట్టి రావచ్చుగా” అంది చిరాగ్గా. ఆమె నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు.

అక్కణ్ణుంచి ఇల్లు తేడాగా మారింది. ఇన్నాళ్లూ ఎవరికీ కనపడట్లేదని బాధపడిన మనిషికి ఇప్పుడు మేము కనపడటం తగ్గింది. అన్నయ్య నీళ్లు అడిగితే పలికేది కాదు. రెండోసారి అడిగితే గ్లాసు కోసం కాదు, ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు చుట్టూ చూసేది. నేను ఎదురుగా నిలబడితే నా వెనక గోడని చూసేది. టీలో పంచదార మానేసింది. ఇంట్లో కూడా పైన శాలువా కప్పుకునేది. మాట మధ్యలో ముక్కు పక్కన గోక్కునేది. అక్కడ ఏమీ లేదు.

అన్నయ్య నా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. “ఇవాళ వంటింట్లో తనే మాట్లాడుతోంది, తనే జవాబు చెబుతోంది. జవాబు చెప్పే గొంతు తనది కాదు బుల్లీ. ముసలి గొంతు” అన్నాడు. లిఫ్టు గోతుల్లో వేలాడే మనిషి. వంటింట్లో లైటు ఆర్పడానికి నన్ను తోడు రమ్మన్నాడు.

పని మాన్పిస్తామంటే వదిన ఒప్పుకోలేదు. “నేను మానేస్తే ఆవిడ ఒక్కతీ అయిపోతుంది” అంది.

ఎలాగో బతిమాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మనసు జబ్బులు చూసే డాక్టరు, నడివయసు మనిషి, తొందర లేని మనిషి. వదినతో చాలాసేపు మాట్లాడి, ఆమెని బయట కూర్చోబెట్టి నన్ను పిలిచాడు.

“పగలంతా ఈవిడతో ఎవరు మాట్లాడతారమ్మా?”

“ఎవరూ మాట్లాడరండీ.”

“ఎన్నాళ్ల నుంచి?”

చెప్పాను. ఆయన కలం కింద పెట్టాడు. “మందులు రాస్తాను, తప్పకుండా వాడాలి. నిద్ర పడుతుంది, ఆ గొంతులు తగ్గుతాయి. కానీ పొద్దున్నే మళ్లీ అదే చోటికి పంపి, సాయంత్రం మాత్ర వేస్తే ఎంతవరకు పనిచేస్తుంది? మనుషులు మాట్లాడకపోతే మనసు ఊరికే కూర్చోదు. ఎవరినో ఒకర్ని తెచ్చుకుంటుంది. అక్కడివాళ్లలో ఒక్కరినైనా కదిలించగలరేమో చూడండి” అన్నాడు.

మర్నాడు షాపుకి సెలవు పెట్టి లాండ్రీకి వెళ్లాను. మందుల మత్తుకి వదిన ఇంట్లో పడుకునుంది. వాళ్లు భోజనానికి కూర్చునే వేళ. నేను ఫలానా అని చెప్పగానే, బల్ల మీద కబుర్లు ఠక్కున ఆగాయి. ఒకళ్ల తర్వాత ఒకళ్లు డబ్బాలు మూసుకుని లేచారు. నేను “ఒక్క మాట వినండి” అన్నాను. “ఆవిడకి ఒంట్లో బాలేదు” అన్నాను. చేతులు కడుగుతున్నారు, కొళాయి కట్టేస్తున్నారు, నా పక్క నుంచి పోతున్నారు. నా గొంతు నా చెవులకే దూరంగా వినపడింది. నిజంగా అన్నానా, మనసులో అనుకున్నానా? నేనక్కడ ఉన్నది పావుగంట కూడా కాదు. వెన్నులోంచి సన్నగా చలి పాకింది. వదిన ఇందులో కొన్ని నెలలుంది.

బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. వెనకే ఒక ముసలావిడ వచ్చింది. లాండ్రీలో అందరికంటే పాతది, పెద్దక్క అంటారు. అటూ ఇటూ చూసి, “రేడియోకి ఏమైంది?” అంది చిన్నగా.

అంతా చెప్పాను. డ్రయ్యర్ల మూల పెద్దావిడ సంగతి కూడా. “ఆవిడెవరో ఒక్కసారి పిలవండి, దణ్ణం పెడతాను. మీ అందరిలో మనిషన్నది ఆవిడొక్కతే” అన్నాను కోపంగా.

“డ్రయ్యర్ల దగ్గర ఎవరూ కూర్చోరమ్మా. అక్కడ మనిషికి పనే లేదు ఇప్పుడు.”

“నీలం స్వెటరు వేసుకుంటుందట.”

పెద్దక్క నా మొహం వైపు చూసింది. “ముక్కు పక్కన పులిపిరి?”

“అవును.”

ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడింది. “మీ వదిన చేరకముందు మాట అది. చాలా ఏళ్ల ముందు. ఆవిడతోనూ మేమిలాగే మాట్లాడటం మానేశాం. డ్రయ్యర్ల దగ్గర వేశారు. అంత వేడిలో చలి చలి అనేది. స్వెటరు వేసుకొచ్చేది. మేం నవ్వుకునేవాళ్లం.”

“ఎందుకు మానేశారు?”

“సూపర్వైజరుకి ఏదో మోసిందని. కాదు, అది వేరే ఆవిడ. ఎవరి మీదో చాడీ చెప్పిందని... ఎందుకో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదమ్మా.”

“పోయిందా?”

“తెలీదు. ఒకరోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎవరం కనుక్కోలేదు.”

ఆవిడ గది ఎక్కడో పెద్దక్కకి తెలుసు. అప్పట్లో ఒకే బస్సు ఎక్కేవాళ్లట. ఆ గది వదినకి చూపించాలి, ఆవిడ ఎప్పుడో పోయిందనో, ఎక్కడికో వెళ్లిపోయిందనో ఎవరో ఒకరి నోట వినిపిస్తే ఈ పిచ్చి వదులుతుందని నా ఆలోచన. సాయంత్రం ముగ్గురం బయల్దేరాం. ఎక్కడికని వదిన అడగలేదు. బస్సు దిగి సందులోకి తిరగగానే మాకంటే ముందు నడవడం మొదలుపెట్టింది. పెద్దక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మెట్లు ఎక్కుతుంటే ఒక గోధుమరంగు పిల్లి గోడవారగా దిగిపోయింది. నేను చూశాను. వదిన దాన్ని చూసి నవ్వింది, తెలిసిన మనిషిని చూసి నవ్వినట్టు.

తలుపు వదినే కొట్టింది. లోపల ఎవరో మాట్లాడుతున్నారు. మాట ఆగింది. తలుపు తెరుచుకుంది.

నీలం స్వెటరు. మోచేతుల దగ్గర దారాలు వదిలేసింది. ముక్కు పక్కన పులిపిరి. మనిషి ఎముకల గూడులా ఉంది గాని బతికే ఉంది.

“ఇవాళ పనికి పోలేదా? ఇంతదూరం వచ్చావేంటి?” అంది వదినతో. “మీ అమ్మ కుట్లు మానాయా?”



గదిలో ఒక మంచం, ఎదురెదురుగా రెండు కుర్చీలు. మధ్య స్టూలు మీద రెండు గ్లాసుల టీ. ఒకటి తాగేసింది, ఇంకోటి నిండుగా ఉండి మీగడ కట్టింది. వదిన వెళ్లి ఆ నిండు గ్లాసు ముందు కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మొదలుపెట్టడం కాదు, మధ్యలో ఆపిన మాట అందుకున్నారు. ఎవరి మాట ఎక్కడ ఆగుతోందో, ఎవరిది ఎక్కడ మొదలవుతోందో తెలియట్లేదు. ఇద్దరూ ఒకేసారి ముక్కు పక్కన గోక్కున్నారు.

పక్క గదావిడ తలుపులోంచి తొంగి చూసి, “చుట్టాలా? ఇన్నేళ్లలో ఈ గడప ఎక్కిన మనుషులు మీరేనమ్మా. పగలంతా ఆ ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంది. రోలరు దగ్గర పనిచేసే అమ్మాయట, పాపం దాంతో ఎవరూ మాట్లాడరట” అంది.

నేను “వదినా” అన్నాను. పలకలేదు. గట్టిగా అరిచాను. ఇద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. ఆ గదిలో లేనిది నేనేనేమో అనిపించి నా చెయ్యి నేనే గిల్లుకున్నాను.

అప్పటిదాకా గుమ్మంలోనే ఆగిపోయిన పెద్దక్క లోపలికి వచ్చింది. ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, “నన్ను గుర్తుపట్టావా? మనం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. నేనూ మాట్లాడలేదు నీతో. అందరితో పాటు నేనూ నోరు కుట్టేసుకున్నాను” అంటూ ఏడ్చింది.

ఆవిడ పెద్దక్క మీదుగా గుమ్మం వైపు చూసింది. “తలుపు ఎవరు తీసి ఉంచారు?” అంది వదినతో. “చల్లగాలి కొడుతోంది.”

పెద్దక్క ఆవిడ మోకాలు పట్టుకుంది. ఆవిడ ఆ మోకాలు రుద్దుకుంటూ, “ఈ నొప్పొకటి” అంది.

అది చూశాక వదిన మొహం మారింది. టీ గ్లాసు కింద పెట్టింది. ఏడుస్తున్న పెద్దక్కనీ, ఆమెని దాటి చూస్తున్న ఆవిడనీ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. ఎన్నో వారాల తర్వాత, గోడని కాదు, నన్ను.

“బుల్లీ” అంది. “ఈవిడకి పెద్దక్క కనపడట్లేదే.”

“అవును వదినా.”

“నేనూ ఇంతేనా? ఇంట్లో నేనూ ఇలాగే ఉన్నానా?”

నేను తల ఊపాను. వదిన నా చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి చాచింది. మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి. నలిపి నలిపి వెచ్చబెట్టాను. అప్పుడు వదిన చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. నా చెయ్యి వదలకుండానే రెండో చేత్తో ఆవిడ చెయ్యి తీసి, పెద్దక్క తలమీద పెట్టింది.

“ఇక్కడ ఒక మనిషి ఉందండీ. మీకోసం ఏడుస్తోంది. తడిమి చూడండి.”

ఆవిడ వేళ్లు ఆ నెరిసిన జుట్టు మీద ఆగాయి. కదిలాయి. నుదురు, కళ్లు, చెంపలు. తడి తగిలి ఆగాయి. కిటికీ బయట వెలుగు తగ్గిపోతోంది. చివరికి ఆవిడ ఆ తడి వేళ్లని దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. “ఎవరిదీ?” అంది. ఎవర్ని అడిగిందో తెలీలేదు గాని, పెద్దక్క “నాదే” అంది.

ఆ తర్వాత జరిగినవన్నీ చకచకా జరగలేదు. ఆవిడని అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కొన్నాళ్లు ఆసుపత్రిలో పెట్టారు. వదినా, ఆవిడా అంతకుముందు ఎక్కడైనా కలిశారా అని డాక్టరు నన్నూ పెద్దక్కనీ తిరగేసి మరగేసి అడిగాడు. లాండ్రీలో ఎవరో ఎప్పుడో ఆవిడ గురించి చెప్పుకుంటుంటే వదిన చెవిన పడి ఉండొచ్చు, అది లోపల ఎక్కడో నిలిచిపోయి ఉండొచ్చు అన్నాడు. అయ్యుండొచ్చు. మరి కుట్ల సంగతి ఆవిడకి ఎవరు చెప్పారని అడిగాను. ఆయన “నాకు తెలీదమ్మా” అన్నాడు.

పెద్దక్క మైకు ఇంటికి వెళ్లి ఏం చెప్పిందో గాని, ఒక పొద్దున మైకు మా ఇంటి తలుపు దబదబా బాదింది. లోపలికొచ్చి వదినని కడిగి పారేసింది. “మీ అమ్మకి బాలేదని నాతో ఒక్క మాట చెప్పి ఉంటే నేనే వచ్చి రెండో కొస పట్టుకునేదాన్ని కదే!” అని అరిచింది. వదిన కూడా తగ్గలేదు. “నువ్వు అడిగావా? ఒక్కసారైనా వచ్చి ఎందుకు చేశావని అడిగావా?” అని అంతకంటే గట్టిగా అరిచింది. పైవాళ్లు కిందికి దిగొచ్చారు. ఎవరైనా చస్తున్నారా అని అడిగారు. అన్నయ్య గుమ్మంలో నిలబడి, “లేదండీ, మాట్లాడుకుంటున్నారు” అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

వదిన ఆ లాండ్రీకి మళ్లీ పోలేదు. మైకు చేరిన చిన్న లాండ్రీలోనే చేరింది. మందులు ఇంకా వాడుతోంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు అద్దం ముందు నిలబడిపోతుంది. అప్పుడు నేనో అన్నయ్యో వెళ్లి పక్కన నిలబడి, ఏదో ఒకటి మాట్లాడతాం. పాత చోట మిగతావాళ్లలో కొందరు రోడ్డు మీద కనపడితే పలకరిస్తారు. కొందరు ఇప్పటికీ పలకరించరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడని పెద్దక్క తన ఇంట్లోనే పెట్టుకుంది. పెద్దక్క మొగుడు సణిగాడు గాని, తర్వాత తనే ఆవిడకి కుర్చీ ఎండలోకి జరిపి వేస్తున్నాడు. ఇప్పుడు ఆవిడకి మేమందరం కనపడతాం. అలిసిపోయిన రోజున మాత్రం పెద్దక్కని దాటి చూస్తుంది. అప్పుడు పెద్దక్క వెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది.

పోయిన ఆదివారం వదినా నేనూ వెళ్లాం. కూరగాయల ధరలు, మోకాళ్లు, మైకు కొత్త చెప్పులు, ఇవే కబుర్లు. ఉన్నట్టుండి ఆవిడ మాట ఆపేసి, బీరువా పక్కన ఖాళీగా ఉన్న మూలకి చూసింది. పెద్దక్క మొగుడు పేపరు దించాడు.

“ఎవరండీ?” అంది వదిన.

“ఒక పిల్ల. పొద్దుట్నుంచి అక్కడే నిలబడి ఉంది. స్కూలు బట్టలేసుకుంది.”

ఇలాంటప్పుడు ఊ కొట్టొద్దు, తగువుపడొద్దు అని డాక్టరు మాకు ముందే చెప్పాడు. వదిన ఊ కొట్టలేదు. లేదని కూడా అనలేదు. ఆ మూలకేసి చూడకుండా, ఆవిడ కళ్లలోకే చూస్తూ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“మాకు కనపడట్లేదండీ. ఏ స్కూలో కనుక్కోండి. వెళ్లి చూసొస్తాం.”

ఆవిడ ముందుకు వంగి, మూలకేసి పెదాలు కదిపింది. మేం చెవులు రిక్కించాం. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“ఏమంటోంది?” అంది వదిన.

“తనతోనేనా మాట్లాడుతున్నది అని అడుగుతోంది” అంది ఆవిడ.